తల లేపకు

సోమవారం మైదానానికి సెలవు.
ఆ రోజు మాది, సంచులు మోసే కేడీలది.
ఏడాదికోసారి మాకూ ఒక పోటీ పెడ్తరు.
పోయినేడు పదిహేడుమందిల నేను పదకొండోడిని.
తప్పు ఒక్కటే:
కర్ర బంతిని తాకకముందే నా తల లేస్తది.
లేవక ఏంజేస్తది?
ఇరవై ఏండ్ల సంది
వేరేటోళ్ళ బంతి యాడ వడ్డదో చూసుడే నా కొలువాయె.

వారం సెలవు పెట్టి ఊరికొచ్చిన.
మర్రిగూడ దాటినంక ఎడమచేతి దిక్కు
పత్తికట్టె పీకిన మా చెల్క.
సారు పారేసిన ఏడో నంబరు కర్ర,
పట్టు కాడ సైకిల్ ట్యూబు చుట్టుకున్న.
బంతులు తొమ్మిది. ఒకటి పగిలింది గాని
లెక్కల ఉండనీ అనుకున్న.

మొదటి దినం
రెండు కాళ్ళు దగ్గరికి జోడించి సగం ఊపు.
ఎక్కువ ఊపితే మనిషే పడ్తడు, బంతి ఆడనే ఉంటది.
రెండుసార్లు పడ్డ. పత్తిమోళ్ళు గుచ్చుకున్నయి.

రెండో దినం
తువ్వాల మడిచి కుడి చంకల పెట్టుకున్న.
అది జారిందంటే చెయ్యి ఒంటిని ఇడిచినట్టు.
జారింది. జారింది. మల్ల జారింది.
మా చెల్లె బిడ్డ మౌనిక
జారినప్పుడల్లా ఒక చింతగింజ పక్కకేసింది.
పొద్దుమూకే యాళ్లకు దోసెడు గింజలు.

కానుగ చెట్టు కింద గోనెసంచి మీద
మా పెద్దనాయిన జానయ్య.
ఆయనకు మెడ తిరగదు.
చిన్నప్పటి సంది తాగిన బోరింగు నీళ్ళు
ఎముకలన్నిటినీ ఒక్క ఎముక చేసినయి.
ఎవరన్న పిలిస్తే
బీరువా జరిపినట్టు మనిషి మొత్తం తిరుగుతడు.
మొగులు చూసి ఎన్నేండ్లాయెనే అంటే
"వాన వడ్తే నేల మీద కనపడ్తది గదరా" అంటడు.

మూడో దినం ఆయనే కదిలిచ్చిండు.
"ఏందిరా లింగస్వామీ, కొట్టకముందే ఉరుకుతున్నవ్?"
"నేన్యాడ ఉరికిన?"
"నువ్వు గాదు, నీ తలకాయ.
బంతి పోయినంక
అది ఉన్న జాగల ఏం మిగిలిందో నాకు చెప్పు.
చెప్పినంకనే లేవాలె."

మొదటి దెబ్బ. ఏమున్నది?
చూడలే.
"కొట్టు."
రెండోది. మన్ను.
"మన్నని నాకు ఎరుకలేదా? కొట్టు."
ఐదోదానికి ఒక చీమ,
పత్తిగింజను ఈడ్సుకుంట పోతున్నది,
దాని పక్కన పిడుగసొంటిది వడ్డా ఆగలే.
ఏడోదానికి నేల పగులు,
పగుల్ల నల్ల నూలుపోగు,
ఏ తాయెత్తుదో, ఎవరి మొలదో.

దాన్ని చూస్తుంటనే చెవులవడ్డది సప్పుడు.
సార్ల చేతులల్ల మస్తుసార్లు ఇన్నదే,
ముదురు కొబ్బరికాయను గోటితోని కొట్టినట్టు.
నా చేతులకెళ్ళి ఇదే మొదటిసారి.

"తుమ్మకు ఇవతల్నే వడ్డది, దొర్లలే" అన్నడు జానయ్య
నేల చూసుకుంటనే.
మౌనిక ఉరికింది.
బంతి తుమ్మకు అవతల, కంది మడి కాడ దొరికింది.
"గాలి తీస్కపోయింది" అన్నడాయన.
గాలి లేదు. ఒప్పుకోలే.

శనివారం దాకా తొమ్మిదింటిల నాలుగుసార్లు తల ఆగింది.
ఒక దినం ఐదు.
ఆఖరి దినం మల్ల మూడే.
ఎందుకో తెల్వదు.
మౌనిక చింతగింజలు ఇయ్యనన్నది,
వామనగుంటలకు కావాలెనట.

ఆదివారం పొద్దుగాల ఆరింటికి
మంచు ఆరని గడ్డి మీద
సారు లాగి కొట్టిండు.
"యాడ వడ్డదిరా?"

నేను చూస్తున్న.
తెగిన గడ్డివేరు ఒకటి,
దాని కొసకు మన్నంటిన నీటిబొట్టు,
జారాల్నా వద్దా అన్నట్టు.

ఇరవై ఏండ్లల్ల మొదటిసారి
నాకు తెల్వదన్న.

బంతి పైసలు జీతంల కోస్తనన్నడు.
కోయనీ.
రేపు సోమవారం.