మూకుడు

పన్నెండు కొట్టేసరికి
లెమ్విగ్ రేవు మీద గాలి కూడా ఆవులిస్తుంది.
మా పెరట్లో, ఎండ నిలిచే గోడవారన
నాలుగు తోపుడు బళ్ళు.
ముందు నడుంపట్టీ, ఆ మీద ఉన్ని దుప్పటి,
చివరికి పక్కింటి పిల్లి దూరకుండా వల.
ఇరవై రెండేళ్ళుగా ఊరి పిల్లల్ని పడుకోబెడుతున్నాను,
ఈ వరస నా చేతులకి కంఠతా వచ్చు.

ఆస్గర్‌ని కళ్ళు నులుముకోకముందే పడుకోబెట్టాలి.
నులుముకున్నాడా, ఆ రైలు వెళ్ళిపోయినట్టే,
తర్వాతిది గంటకి గానీ రాదు.
విగోకి నా చిటికెనవేలు కావాలి,
పట్టుకోవడానికి కాదు, ఉందని తెలియడానికి.
రోన్యాకి ఎవరి సాయమూ అక్కర్లేదు,
నీళ్ళ వైపు మొహం తిప్పి
ఏదో బాకీ తీర్చేసినదానిలా నిద్రపోతుంది.

నాలుగో బండి తూరాది.
పది నెలలు. రెండే పళ్ళు.
ఇరవై నిమిషాల కునుకు,
అదీ అరువు తెచ్చుకున్నట్టు.
నిద్ర సుఖమెరుగదన్నవాళ్ళు
ఈ పిల్లని చూడలేదు.

తలుపు మడతబందులకి నూనె రాశాను.
కుక్క మెడలో గంట తీసేశాను.
ఉత్తరాలు తెచ్చే కుర్రాడికి
తలుపు కొట్టొద్దని చీటీ అంటించాను.
మా ఆయన పౌల్ తుమ్మొస్తే
మూతి మూసుకుని వీధిలోకి పరిగెత్తి
అక్కడ తుమ్మి వచ్చేవాడు.
పిల్లి అడుగులు వేసీ వేసీ
నా పిక్కలు పట్టేశాయి.
నేనెంత నిశ్శబ్దం పరిస్తే
ఆ నీలికళ్ళు అంత పెద్దవయ్యేవి,
ఇంట్లో ఎవరూ లేరా అన్నట్టు.

సాయంత్రం వాళ్ళమ్మ రిక్కె వచ్చేది.
ఆమెకి పుట్టుకతోనే వినికిడి లేదు, భర్తకీ లేదు.
అరచెయ్యి చెంపకి ఆనించి కనుబొమలెత్తేది:
పడుకుందా?
నేను తల అడ్డంగా ఊపేదాన్ని.
వాళ్ళ చేతుల భాషలో
నాకు వచ్చిన మొదటి మాట అదే,
నిద్ర.
దానికి జవాబివ్వలేక చూపు దించుకోవడం
ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

నాలుగో వారం, గురువారం, గాలివాన.
బళ్ళన్నీ వంటింటి పక్క గదిలోకి తోశాను.
తూరా గుక్కపెట్టింది.
మిగిలిన ముగ్గురూ నిద్ర అంచు మీద
ఎటు పడాలో తేల్చుకోకుండా ఉన్నారు.
దుంపలు దించబోతే చెయ్యి జారింది.
ఇనప మూకుడు
రాతిపలకల మీద పడి, తిరిగి, తిరిగి,
నా ఎముకల్లో దాకా మోగింది.
కళ్ళు మూసుకున్నాను,
నాలుగు గొంతులూ ఒక్కసారే లేస్తాయని.

లేవలేదు.
తొంగి చూస్తే
తూరా పిడికిలి వదులవుతోంది,
ఒక్కో వేలూ
దాని ఇష్టం వచ్చినప్పుడు విప్పుకుంటూ.

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి.
ఆ ఇంట్లో బీరువా తలుపు ఎంత గట్టిగా పడుతుందో
వినేవాళ్ళెవరు?
కుర్చీ కాళ్ళు గీసుకుంటాయి,
చెంచాలు సొరుగులో వడగళ్ళై రాలతాయి,
బట్టల మిషను గోడని గుద్దుతూనే ఉంటుంది.
తూరాకి చప్పుడంటే
అమ్మ పక్క గదిలో ఉందని.
నేనేమో నాలుగు వారాలు
ఖాళీ ఇంటిని జోలపాటగా పాడాను.

ఆ రోజు అంట్లన్నీ తోమాను.
తోమినవే మళ్ళీ తోమాను.
గంటా నలభై నిమిషాలు.
ఆస్గర్ ఒకసారి గొణిగాడు, అంతే.
పౌల్ సోఫాలో కూర్చునే తుమ్మాడు,
రెండుసార్లు,
పండగ చేసుకున్నట్టు.

సాయంత్రం రిక్కె చెయ్యెత్తకముందే
నా అరచెయ్యి నా చెంపకి ఆనించాను.
తర్వాత మూకుడు పడెయ్యడం,
చెవులు మూసుకోవడం, నటించి చూపించాను.
ఆమెకి అర్థం కాలేదు.
మళ్ళీ పడేశాను, ఈసారి నిజం మూకుడే.
అప్పుడు నవ్వింది రిక్కె,
ఎంత గట్టిగా నవ్విందో తనకి తెలియని నవ్వు,
కిటికీ అద్దాలు గలగలమన్నాయి.
ఆమె భుజం మీద
తూరా ఆవులించింది.