సిరీస్ బల్బు

మిర్యాలగూడ మిల్లుల ఊక
ఎందులకైనా దూరుతది.
పాలిటెక్నిక్ ల్యాబు ఆసిలోస్కోపు మూత విప్పితే
ఫ్యాన్ రెక్కల మీద
ఒక వానకాలం, ఒక యాసంగి
పేరుకొని ఉన్నయి.

అటెండర్ జంగమ్మ ఆటోల ఒళ్లె పెట్టుకొని తెచ్చింది.
"పవర్ సప్లయి పోయిందంటున్రు బిడ్డా,
సోమవారం పిల్లలకు ప్రాక్టికల్స్."
ఎవలన్నరంటే
అందరన్నరట.

నేను సీదా ప్లగ్గు పెట్టను.
సోమాచారి సారు నేర్పింది:
కరెంటుకూ రోగానికీ నడుమ
ఒక వంద క్యాండిల్ బల్బు.
లోపట షార్టుంటే భగ్గుమనేది బల్బే,
మిషన్ కాదు.

స్విచ్ వేసిన.
భగ్గుమనలే. సల్లవడలే.
మినుకు... మినుకు...
లోపటికెల్లి టిక్కు, టిక్కు.
ఎక్కిళ్లు!

ఎక్కిళ్లొస్తే ఎవలో తలుస్తున్నరంటరు మా దిక్కు.
దీన్నెవలు తలుస్తున్నరో
ఎతకాలె.

బంద్ చేసినా పెద్ద కెపాసిటర్
మూడొందల ఓల్టులు పట్టుకొని కూసుంటది,
అప్పిచ్చినోని లెక్క, యాది మరువది.
సారు బొటనవేలు మీది తెల్లమచ్చ
దాని సంతకమే.
"ఒక చెయ్యి జేబుల పెట్టు" అంటుండె.
జేబు లేని నేను
ఎడమచెయ్యి చున్నీల చుట్టుకుంట.

పన్నెండుండాల్సిన కాడ
మీటరు ముల్లు రెండు దాకా లేచి
మళ్ల కూలవడుతున్నది.
నీలం కనెక్టర్ పీకిన: టిక్కు.
ఎర్రది పీకిన: టిక్కు.
నడుమ కరెంటు పోయింది, గంటంబావు.
వచ్చినంక పసుపుది పీకిన.

సప్పుడు లేదు.
బల్బు సల్లవడ్డది.
పన్నెండు, నిండుగ పన్నెండు.

సప్లయి మంచిగనే ఉన్నది.
అవుతల బోర్డు మూలకు
కందిపప్పు బద్దంత టాంటలమ్ ఒకటి
లోపల్లోపట షార్టయి
వచ్చిందంత మింగుతున్నది.
పైకి మచ్చ లేదు, వాసన లేదు.
సారు వాళ్ల నాయిన ముక్కుపుడకలకు వాడిన పట్టుకారుతోటి
దాన్ని పట్టి తీసిన.

పోయిందన్నరు గని
అది పోలే.
బరువు మోయలేనని కూసొని
మళ్ల లేస్తనే ఉన్నది,
సెకనుకొకపారి,
ఎన్నొద్దుల సందో.

తెర మీద పచ్చగీత
కొంచెం వణికి నిలవడ్డది.

బిల్లుల "పవర్ సప్లయి రిపేరు" అని రాసి
కొట్టేసిన.
"సప్లయి మంచిగనే ఉన్నది.
మార్చిన సామాను: ఒకటి. ఆరు రూపాయలు."

జంగమ్మ చదివి, నా దిక్కు చూసి,
"గిట్ల రాస్తే
పొద్దుగూకెదాంక చేసిన పనికి
పైసలెట్ల ఇస్తరు పిల్లా?"