మోయి మీద దుబాసీ

వంతెన పేరు స్నేహం.
సరిగ్గా దాని నడుమ, తారు రంగు మారేచోట
బల్ల వేశారు. రెండు కాళ్లు అటు, రెండు కాళ్లు ఇటు.
పచ్చగుడ్డ, ఆర్కిడ్ పూలు, చెరి ఆరు నీళ్ల సీసాలు.
నా కుర్చీది మాత్రం ఏ దేశమో ఎవరూ చెప్పలేదు.

పేరు లా సే వా. కారెన్ పిల్లని. దుబాసీని.
పూటకి ఎనిమిది వందల బాత్, భోజనం వేరే.

కింద మోయి.
అటువాళ్లు తాంగ్‌యిన్ అంటారు.
ఏ పేరున పిలిచినా మోయడమే దాని పని.
ఈ వారం మోసింది
గొడుగుల్ని, కుక్కర్లని, ఒక కుట్టుమిషన్ని,
ప్లాస్టిక్ టబ్బులో నిద్రపోతున్న కవలల్ని.

డిప్యూటీ గవర్నర్ వుత్తిపోంగ్ మొదలెట్టారు:
"మీవైపు నుంచి వచ్చినవాళ్లు..."
కర్నల్ తెయిన్ న్యుంట్ చెయ్యెత్తారు:
"వచ్చినవాళ్లు కాదు. వెళ్లినవాళ్లు."
గంటసేపు ఆ రెండు మాటల మధ్య
నాలుగువేల మందిని నాలుక మీద
అటూ ఇటూ దాటించాను.
శరణార్థి అన్న మాట ఇద్దరికీ చేదు.
తాత్కాలికంగా చోటు మారినవారని ఒకరు,
చుట్టాల్ని చూడబోయినవారని ఇంకొకరు.
కొండవెనక ఫిరంగి దగ్గింది.
ఈ ఏడు వానలు ముందే వచ్చేట్టున్నాయి, అనుకున్నారు.
సీసాలు తెరిచి
కాసేపు నీళ్లు నమిలారు.

ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు గానీ
మావాళ్లు తగలెయ్యలేదు.
ట్యూబుల్లో గాలి తీసి, మడిచి, తలకింద పెట్టుకున్నారు
పశువుల కొట్టాల్లో, మొక్కజొన్న దంట్ల మీద.
రేపు ఎటు ఈదాలో
ఈ బల్ల దగ్గరే తేలుతుందని తెలుసు వాళ్లకి.

ఆఖరి వాక్యం:
"వారు ఇష్టపూర్వకంగా తిరిగి వెళ్తారు."
బర్మీస్‌లో చెప్పాలి నేను.
ఇష్టం దగ్గర ఆగిపోయాను.
మా అమ్మమ్మ కూడా ఇష్టపూర్వకంగానే
మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ
అదే రోకలి భుజానేసుకుని తిరిగొచ్చింది.

"ఏమైంది?" రెండు భాషల్లో అడిగారు.
"మైకు," అన్నాను. దాన్ని రెండుసార్లు తట్టాను.
చెప్పేశాను.

సంతకాలయ్యాయి. మామిడిపళ్ల బుట్ట అటు,
టేకు ఏనుగు ఇటు.
ఫోటోలో నా మోచెయ్యి పడింది.

మెట్లు దిగి ఒడ్డుకి వస్తే
కవలల తల్లి ఎదురొచ్చింది. ఒకణ్ణి చంకనేసుకుని,
ఇంకొకణ్ణి ఎవరికో ఇచ్చి.
"ఏం తేల్చారు?"
రెండు భాషల్లో పొద్దున్నుంచీ తడబడని దాన్ని,
అమ్మ నేర్పిన మూడో భాషలో
నాకు మాట దొరకలేదు.

"ఆ టబ్బు," అన్నాను,
"ఎవరడిగినా ఇవ్వకు."