పడకల రిజిస్టరు

సారూ,
కొర్లగుంట పక్క రాత్రి బస కేంద్రానికి కావలివాణ్ణి,
చెంగల్రాయుల్ని.
ఇది అర్జీ అనుకోండి,
కాకుంటే రిజిస్టరులో మిగిలిపోయిన కాగితం అనుకోండి.

మంచాలు ఇరవై ఎనిమిది.
నిన్న రాత్రి మనుషులు నలభై ఒక్కరు.
ఐదు నెలల కరెంటు బిల్లు మేకుకు వేలాడతా ఉండాది.
దానిపైన క్యాలెండర్లో స్వామి,
కండ్లు నామం చాటున.
ఆయప్ప గూడా చూసినట్టు లేదు.

కుప్పమ్మ సంగతి ఒకటి చెప్తా, పొడుగుండదు.
బస్టాండు కాడ దువ్వెనలు, జడపిన్నులు అమ్ముతాది.
ఈడ చోటు లేని రాత్రి స్టేషనుకు పోయి
పది రూపాయలిచ్చి ప్లాట్‌ఫారం టికెట్టు కొంటాది.
రెండు గంటలే చెల్లుతాది అది.
"రెండు గంటల్లో తిరుచానూరు దాకా గూడా కల సాగదు నాయనా"
అనింది ఒకనాడు, పకపకా నవ్వతా.
టైము దాటినాక పోలీసు లాఠీ బెంచీని తడతాది.
మనిషిని గాదు, బెంచీని.
మంచోడే.

ఇంటి పట్టాకు ఆమె పేరు మీద దరఖాస్తు నేనే రాయించినా.
మొదటి గడి: ఇంటి నెంబరు.
ఇల్లు కావాలంటే ముందు ఇల్లుండాల.
వార్డు ఆఫీసులో పిల్లోడు
పెన్ను నోట్లో పెట్టుకోని చానాసేపు ఆలోచించి
"పోస్టాఫీసు ఎదురుగా" అని రాసినాడు.
ఆ కాగితం యాడుండాదో
ఆ పోస్టాఫీసుకే తెలియాల.

ఈ ఊళ్ళో దానానికి కరువు లేదు, అబద్ధం చెప్పకూడదు.
మార్గశిరం వస్తే దుప్పట్లొస్తాయి, వాటెనకే ఫోటోలొస్తాయి.
పులిహోర పొట్లం వద్దన్నా చేతిలో పెడతారు.
దుప్పటి ఇచ్చినోళ్ళుండారు,
తడిసిన దుప్పటి ఆరేసేదానికి దండెం ఎవురిచ్చినారు?
గోడను ఎవురూ దానమియ్యరు.
మరుగుదొడ్డిని ఎవురూ దానమియ్యరు సారూ,
దాని మీద పేరు చెక్కించుకోలేరు గదా.
పుణ్యానికి సీజనుంటాది.
నిద్ర మాత్రం రోజూ వస్తాది.

అందుకే అడగతా ఉండా,
హుండీని గాదు, బడ్జెట్టును.
ఒక పద్దు.
వీధి లైటుకు ఉన్నట్టు, కాలవ పూడికకు ఉన్నట్టు,
ఎవురూ చేతులు కట్టుకోని నిలబడాల్సిన పని లేని పద్దు.
ఏప్రిల్‌ది ఏప్రిల్లోనే రావాల.
ఆడోళ్ళకు వేరే గది,
దానికి లోపలి పక్క గొళ్ళెం.
ఆపైన చిన్నచిన్న ఇండ్లు, అద్దెకైనా సరే.
కుప్పమ్మ కట్టగలదు,
ఎంత లేదన్నా నెలకు మూడొందలు
టికెట్లకే పెడతా ఉండాది గదా ఇప్పటికే.

నిధులు లేవు, మార్చి ముప్పై ఒకటికి మూసేసి
తాళాలు అప్పజెప్పమని కాగితమొచ్చింది.
తాళంచెవి నా మొలతాడుకే ఉండాది.
బయటినుంచి వేయాల్సిన తాళం.
వేసినాక నేను యాడికి పోవాలో
ఆ కాగితంలో రాయలేదు.

రిజిస్టరు తెరిస్తే తెలుస్తాది.
ఏ పేజీ అయినా సరే, వరస నెంబరు ఒకటి:
చెంగల్రాయులు, వయసు యాభై ఎనిమిది,
చిరునామా
ఇదే.