భుజం మీద నాలుగు వేళ్లు

అర్ధరాత్రి పన్నెండు దాటితేనే డేటా చవక.
అందుకే నా బడి
వీధి కుక్కలు పడుకున్నాక మొదలై
మొదటి ట్రోట్రో బండి హారన్‌తో ముగుస్తుంది.

పగలు బంటామా రోడ్డు పక్కన
పసుపు గొడుగు కింద రీచార్జి కార్డులు అమ్ముతాను.
రాత్రి, మెడ విరిగిన లాప్‌టాప్‌ను
సబ్బుపెట్టెకు ఆనించి
ఎక్కడో మంచు దేశపు పంతులు చెప్పేది వింటాను.
ఆయన వెనక కిటికీలో ఒకటే చెట్టు, ఆకుల్లేకుండా.
ముప్పై ఏడు పాఠాలయ్యాయి,
దానికింకా చిగురు రాలేదు.

మొదటి నెల అక్షరాల మధ్య ఎడం నేర్చుకున్నాను.
ఏ పక్కన వీ నిలబెడితే
మాటల్లేని తోడికోడళ్లలా దూరంగా ఉంటాయట,
కాస్త జరపాలట.
అప్పట్నుంచీ ఊరు కంటికి కుదురుగా ఆనలేదు.
చర్చి బోర్డు, చేపల కొట్టు బోర్డు,
పళ్ల డాక్టరు బోర్డుకి కూడా
అన్నీ పళ్ల సందులే.
"కుమాసీనంతా దిద్దుకుంటూ నడుస్తున్నావు డూఫియే,
ముందు మురిక్కాలవ చూసుకో" అంది అక్క.

కరెంటు లేని రాత్రుల్లో
వేలితో గాల్లో గీసేదాన్ని.
చుక్క, లాగుడు, చుక్క.
చుక్క పెట్టడం తేలికే,
ఎంత లాగాలో చెయ్యి మరిచిపోతుంది.

వానల్లో అఫ్రాకోమా వచ్చింది.
పంక్చర్లు వేసే గ్యాంబిబి పెళ్లాం,
నాలుగు రోజుల కిందటి దాకా.
శనివారానికి గోడపత్రిక కావాలి.
పెద్ద స్టూడియో అడిగినదాంట్లో సగం
నా బల్ల మీద పెట్టింది,
అన్నీ చిన్న నోట్లు, రబ్బరు వాసన.

పంతులు నేర్పినట్టే చేశాను.
ఒక ముఖం, ఒక పేరు, చుట్టూ బోలెడంత తెలుపు.
"ఇక్కడేమీ లేదే?"
ఖాళీ కూడా మాట్లాడుతుందమ్మా అన్నాను, పాఠం పన్నెండు.
"కాగితం మొత్తానికి డబ్బిచ్చాను.
పద్నాలుగు మంది మనవల్ని ఎత్తుకు తిరిగాడాయన,
వాళ్లనెక్కడ నిలబెట్టావు?"

నిలబెట్టాను.
మనవల్నీ, అల్లుళ్లనీ, హాంబర్గ్‌లో ఉన్న చెల్లెల్నీ,
చర్చి సంఘాన్నీ, పంక్చర్ల సంఘాన్నీ.
అక్షరాలు చీమలై
నా తెలుపంతా తినేశాయి.

ఇక ఫోటో.
ఉన్నదొక్కటే, ఎవరి పెళ్లిలోనో, గుంపులో.
నాలుగింతలు పెద్దది చేసి
చెవి చుట్టూ, మెడ చుట్టూ, కెంటే గుడ్డ మడత చుట్టూ
చుక్క, లాగుడు, చుక్క.
పెళ్లికూతురు పోయింది, కేకు పోయింది, డోలు పోయింది.
ఎడమ భుజం మీద మాత్రం
నాలుగు వేళ్లు మిగిలాయి, ఎవరివో.
అంచులు శుభ్రంగా ఉండాలి, పాఠం ఇరవై ఒకటి.
పక్క గుడ్డ రంగు తెచ్చి ఒక్కోటీ పూడ్చాను,
చిటికెన వేలు, చూపుడు వేలు, నడిమి వేలు.
చివరిదానికి ఉంగరం ఉంది.
మెరుపు ఒక పట్టాన పోలేదు.

పొద్దున్నే వచ్చి అఫ్రాకోమా
పేర్లు లెక్కపెట్టింది. సరిపోయాయి.
ముఖం చూసింది.
భుజం చూసింది, చాలాసేపు.
ఏమీ అనలేదు.
ఆమె చెయ్యి నా బల్ల మీద ఉంది,
రీచార్జి కార్డుల పక్కన, ఉంగరంతో.

రాత్రి లాప్‌టాప్ ఆపకపోవడం
నా అదృష్టం.
కంట్రోల్ జడ్.
చివర పోయింది ముందొచ్చింది,
ఉంగరం.
కంట్రోల్ జడ్, కంట్రోల్ జడ్.
తక్కిన వేళ్లూ వచ్చి
ఆయన్ని ఉన్నచోటే పట్టుకున్నాయి.

శనివారం గోడల మీద, స్తంభాల మీద,
నా గొడుగు కర్ర మీద కూడా గ్యాంబిబి.
ప్రెస్సులో ఎరుపు నేననుకున్నదానికన్నా ముదిరింది.
ఆ వేళ్లెవరివని ఎవరూ అడగలేదు.

దాన్నే పరీక్షకి పంపాను.
మంచు దేశం నుంచి జవాబు:
"ఎడం బాగుంది. పేర్లు కిక్కిరిశాయి.
భుజం దగ్గర ఏదో మిగిలిపోయింది, తుడువు.
పదికి ఆరు."

ఆరు తీసుకున్నాను.
పన్నెండు దాటింది.
పాఠం ముప్పై ఎనిమిది, పొరలు.
కిటికీలో ఆ చెట్టు అలాగే ఉంది.