మార్కెట్ టీచర్

పేరేందని అడిగితే "మార్కెటా" అన్నది.
మూడో తరగతి మొత్తం ఒక్క గొంతుతోని
"కాదు టీచర్, ఇస్కూలు!"
అప్పటిసంది పాపం
ఆమె పేరు చెప్పినప్పుడల్లా
బోరబండ జవాబిస్తనే ఉన్నది.
పండ్ల బండి యాకూబ్ అయితే
చెయ్యి చాపి తొవ్వ గూడ చూపెట్టిండు.

నేను ఈ బడిల ఆయాను. పదకొండేండ్లు.
గంట కొడత, గదులు ఊడుస్త,
ఆడపిల్లలు పాయఖానకు పోతే
తలుపు పట్టుకోని బయట నిలవడత.
గొళ్ళెం లేదు మరి.

తెల్లోళ్ళు నాకు కొత్త కాదు.
ఏడాదికొకరు వస్తరు
వీపుకు సంచి, చేతిల నీళ్ళ సీస.
పొయ్యేముందు గోడ మీద ఓ చెట్టు గీసి
పిల్లల చేతులు రంగుల ముంచి
ఆకులు అద్దిపిస్తరు.
నాలుగు చెట్లున్నయి మా గోడకు.
నీడ ఒక్కదానికి లేదు.
ఆకులైన పోరగాళ్ళు కొందరు పెద్దగై
మోతీనగర్ కాడ సెంట్రింగు పనికి పోతున్నరు.

ఈమె మొదటి వారం రోడ్డు దాటలే.
ఎర్రగడ్డ కాడ ఇరవై నిమిషాలు
వాగు పొంగితే ఒడ్డున నిలవడ్డట్టు నిలవడ్డది.
నజ్మీన్, ఎంత, తొమ్మిదేండ్లది,
ఆమె చిటికెన వేలు పట్టి
ఇంకో అరచెయ్యి బస్సుకు చూపెట్టుకుంట నడిచింది.
"వాళ్ళ దిక్కు చూడొద్దు టీచర్.
చూస్తే ఆగరు."

ఓ రోజు మంచు గురించి చెప్పింది.
ఎండలు ముదిరినయి. రేకుల కప్పు. కరెంటు లేదు.
బోర్డు నిండ తెల్ల సుద్ద చుక్కలే చుక్కలు.
ఎవ్వరికీ ఎక్కలే.
వెనక బెంచి భానుచందర్ లేసి
"నాకెరుకే టీచర్,
మా అమ్మ పనిచేసే ఇంట్ల ఫ్రిజ్జుల గోకుతది.
చేతులు తిమ్మిరెక్కుతయ్" అన్నడు.
పక్క పిల్ల దాన్ని ఇంగ్లీషుల చెప్పింది, వచ్చినంత.
ఆమె సుద్దముక్క కింద పెట్టింది.
ఆ పూట ఇంక పాఠం కాలే.

నీళ్ళ ట్యాంకరు హారన్ కొడితే
మా క్లాసు సగం ఖాళీ అయితది.
మొదటిసారి ముక్కు ఎర్రగ చేసుకోని
తలుపుకు అడ్డం నిలవడ్డది.
చంకల కిందికెళ్ళి దూరి ఉరికిన్రు.
మల్ల బుధవారం చూద్దును గద,
పైపు కాడ, బురదల,
హాజరు పట్టీ పట్టుకోని ఆమెనే.
"వెన్నెల?"
"ప్రెజెంట్ టీచర్", నెత్తి మీద బిందె.
"ఫర్హాన్?"
"ప్రెజెంట్! చెయ్యి లేపరాదు, పైపు జారుతది!"

నేను పాయఖాన కడిగి బయటికొస్తే
థాంక్యూ అంటది.
ఎక్కిరిస్తున్నదనుకున్న మొదట్ల.
ఏమనాల్నో తెల్వక
"అన్నం తిన్నవా" అనేదాన్ని.
ఆమె తల ఊపేది, తిన్నా తినకున్నా.

పొయ్యే వారం రంగు డబ్బాలు తెచ్చింది.
"ఏం గియ్యాలె మల్కమ్మా?"
మాటలు సగం, చేతులు సగం.
ఏం గియ్యద్దన్న.
మణికట్టు పట్టి గుంజుకపోయి
ఆ తలుపు చూపెట్టిన.
వేలు వంకర పెట్టి
ఇట్ల పడాలె, లోపట నుంచి, అన్న.
చానాసేపు తలుపునే చూసింది.
అన్ని దినాలు ఆమె గూడ
ఆ తలుపుకు కాలు అడ్డం పెట్టే కూసున్నదేమో.
అడగలే నేను.

రెండుసార్లు తప్పు సైజు తెచ్చింది.
మూడోసారి బిల్లు రాయనీకె సేటు పేరడిగితే చెప్పిందట.
"ఇది దుకాణం మేడం, మార్కెట్ అటు" అన్నడట.
నవ్వుకుంట వచ్చి స్క్రూలు ఆమెనే బిగించింది.
నాలుగింట్ల ఒకటి వంకర.

పోయింది.
ఎవరం ఏర్‌పోర్టుకు పోలే. ఒంటిపూట బడి ఉండె.
రంగు డబ్బాలు స్టోరు రూముల ఎండిపోయినయి.

ఇప్పుడు ఆడపిల్లలు ఉరుక్కుంట పోతరు,
నన్ను పిలువరు.
వరండా ఊడ్చుకుంట ఉంటే
లోపట నుంచి టక్కున సప్పుడు.
ఆ వంకర స్క్రూ నెలకోసారి లూజైతది.
రూపాయి బిళ్ళతోని బిగిస్త.