మచ్చ రాతిది కాదు

మే కాజాబీ, ఆ కత్తి కాసేపు పక్కన బెట్టు.
మొన్న మంచి రేకులన్నీ తుక్కులో పారేస్తన్నానని
మేస్త్రీ అరిచినప్పుడు నువ్వు నవ్వావు గదా.
నాకు ప్రతి రేకులోనూ మచ్చ కనపడింది.
ఎండకి ఎత్తి పట్టినా, ఇంకో పొర చీల్చినా
అదే మచ్చ, అదే మూల,
చీమ ఒకటి ఆగి నన్నే చూస్తన్నట్టు.

సైదాపురం గనుల్లో ముప్పయ్యేళ్ళు
కాకిబంగారం చీల్చినదాన్ని.
రాతి మచ్చేదో నాకు తెలవదా?
రేకు తిప్పితే మచ్చా తిరగాల.
ఇది తిరగలా.
రేకు కింద బెట్టి గోడ చూశా. గోడ మీద ఉండాది.
గిన్నెలోకి చూశా. అన్నం మీద ఉండాది.

గూడూరు పొయ్యా.
నిమ్మకాయల మార్కెట్టు దాటినాక ఆస్పత్రి.
కంట్లో చుక్కలేసి అరగంట కూర్చోబెట్టారు.
"పచ్చ లైటు చూడవ్వా, రెప్ప కొట్టబాక" అని
ఒక పిల్ల ఫోటో తీసింది.

డాక్టరమ్మ తెర మీద నా కన్ను నాకు చూపిచ్చింది.
నారింజ రంగు నేల. సన్నటి నరాలు,
కండలేరు కాలవల్ని కొండెక్కి చూసినట్టు.
అక్కడక్కడ ఎర్ర చుక్కలు, పసుపు పెంకులు.
"నెత్తురు కారిన చోట్లు మస్తానమ్మా" అనింది.
నా నోటెంట వచ్చేసింది: "రెండో రకం."
ఆమెకి అర్థం కాలా.
నీకు అవుద్ది.

"నొప్పి లేదే" అన్నా.
"ఇది నొప్పితో కబురు పంపదు" అనింది.
షుగరెన్నేళ్ళు? పదకొండు.
కన్ను ఎన్నిసార్లు చూపిచ్చావు?
వేలు మడిచే పని లేకపోయింది.

తిండి అడిగింది. గొప్పగా చెప్పా,
కంటికి మంచిదని వారానికి నాలుగు దఫాలు
పొన్నగంటాకు తింటన్నానని.
"దాంట్లోకి అన్నమెంత?"
చేతులతో గాల్లో కట్టి చూపిచ్చా,
మన షెడ్డు ముందర తుక్కు దిబ్బంత.
ఆమె నవ్వలా. అప్పుడు భయమేసింది.

షెడ్డులో నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు,
మామిడి ముక్కలేసిన చేపల పులుసు రోజు
మూడోసారి వడ్డించుకునే అన్నం,
అన్నీ కక్కించింది.
ఆకు మానబాక, చేప మానబాక, అన్నం తగ్గించు.
కొర్రలైనా కొలతే, దిబ్బ కాదు.
కానీ ఏ ఆకూ ఈ మచ్చల్ని కడగలేదు,
కొత్తవి పుట్టకుండా కాపు కాస్తే చాలంది.
లేజరుకి తారీకు రాసిచ్చింది.

మనమైతే మరకున్న పొరని కత్తి మొనతో లేపేస్తాం,
కింద తెల్లటి రేకు నవ్వతా ఉంటది.
కంట్లో అట్ట కాదంట కాజాబీ.
లేపితే కింద ఇంకోటి లేదు.

బైటికొస్తే ఎండంతా కాకిబంగారం.
బస్సు బోర్డు ఆనలా.
నిమ్మకాయల బస్తా మోసే పిల్లోడు
చెయ్యి పట్టి ఎక్కిచ్చాడు.

మొదటి రోజు రోషంతో అన్నమే మానేశా.
మాత్ర మాత్రం మింగా.
నడిరేయి చెమటలు పట్టి, వణికి,
మంచంకోడు పట్టుకుని కూర్చున్నా.
అట్టా చెయ్యకూడదంట.
ఇప్పుడు టీ గళాసుతో బియ్యం కొలుస్తన్నా.
టీ మానలా. చక్కెర మానా.
నోరు ఇంకా తిడతానే ఉండాది.

నీకు తొమ్మిదేళ్ళు. దాచిపెట్టబాక.
నిన్న సూది నా చేతికిచ్చి "నువ్వెక్కియ్" అన్నావు,
నా కళ్ళ సంగతి తెలిసి కూడా.
ఇద్దరం దారం ఎక్కిచ్చలేక పగలబడి నవ్వాం.
రాత్రి పడుకున్నాక ఆ నవ్వు గుర్తొచ్చింది.

ఇదిగో రేకు. మంచిది,
మేస్త్రీ చేత ఏరిపిచ్చి తెచ్చా.
ఎండకి ఎత్తు. ఒక కన్ను మూసి చూడు.
ఇప్పుడు రెండోది.
తిప్పు.

ఏం కనపడిందో నాకు చెప్పబాక.
శనివారం తొలి బస్సు.
టిఫిను తినే రా, గొడుగు తెచ్చుకో.
చుక్కలేసినాక నీకు దారి నేను చూస్తా,
నా కంటికి ఎంత ఆనితే అంత.